ఫ్యాటీ లివర్: వంశం వాటా, కంచం వాటా తెలుసుకుని నడుచుకోవడం ఎలా

అల్ట్రాసౌండ్ రిపోర్టు చివర ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని ఉంటే, కాలేయ కణాల్లో ఉండవలసిన దానికంటే ఎక్కువ కొవ్వు చేరిందని మాత్రమే దాని అర్థం. కాలేయంలో కొవ్వు 5 శాతం దాటితే వైద్యులు దాన్ని జబ్బుగా లెక్కిస్తారు. అయితే ఆ గ్రేడు తెరమీద కాలేయం ఎంత తెల్లగా కనిపించిందో చెప్పే కొలతే గానీ, లోపల కణజాలం గట్టిపడి మచ్చ కట్టడం మొదలైందా లేదా అన్నది దానివల్ల తెలియదు. పైగా కొవ్వు 20 శాతం లోపు ఉన్నప్పుడు ఈ స్కానింగ్ దాన్ని పట్టుకోలేకపోవడం కూడా తరచుగా జరుగుతుంది. అందువల్ల గ్రేడ్ 1 కదా అని రిపోర్టును బీరువాలో పడేయడమూ, గ్రేడ్ 2 అనగానే హడలిపోవడమూ రెండూ తొందరపాటే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ రిపోర్టు చేతికొచ్చినవారిలో చాలామంది ఒకే ప్రశ్న వేస్తారు: మందు అలవాటు లేదు, లావుగా లేను, నూనె సరుకు పెద్దగా తినను, మరి నాకెందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు సగం జవాబు పుట్టుకతో వచ్చిన జన్యువుల్లోనూ, మిగతా సగం రోజూ కంచంలో పడే అన్నంలోనూ, గ్లాసులో పడే పంచదారలోనూ ఉంది. ఈ రెండు సగాలూ విడివిడిగా పనిచేయవు. ఆ ముడి ఎక్కడ ఉందో తెలిస్తే ఏం మార్చుకోవాలో సులువుగా తేలుతుంది కాబట్టి, ముందుగా దాన్ని వివరించి, ఆ తరువాత చేయవలసిన పనుల్లోకి వెళ్తాను.

జన్యువు ఏం చేస్తుంది

ఈ జబ్బుకు సంబంధించి అన్నిటికంటే బలమైన ఆధారాలున్న జన్యువు పి.ఎన్.పి.ఎల్.ఎ.3. ఇది 22వ క్రోమోజోము మీద ఉంటుంది. 2008లో అమెరికాలోని డల్లాస్ నగరవాసుల మీద జరిగిన పరిశోధనలో, ఈ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారినవారి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంటుందని తేలింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున మారిన ప్రతులు రెండూ అందినవారిలో, ఒక్కటీ లేనివారికంటే కొవ్వు రెట్టింపును మించి కనిపించింది. దక్షిణాసియా ప్రజల్లో ఈ జన్యువు ప్రతుల్లో సుమారు నాలుగో వంతు ఈ మారిన రకానివే. అంటే ఇది ఎక్కడో ఒకరికి ఉండే అరుదైన లోపం కాదు. ఏ పెళ్లి బంతిలో చూసినా పక్కపక్కనే కూర్చున్నవారిలో దాన్ని మోస్తున్నవారు తప్పకుండా ఉంటారు.

మారిన ఈ జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్ కాలేయ కణంలోని కొవ్వు బిందువుల మీద పేరుకుపోయి, కణం దాన్ని వదిలించుకోవడానికి చేసే ప్రయత్నాలకు లొంగకుండా, కొవ్వును కరిగించవలసిన మరొక ఎంజైముకు సహాయకారిని అందనివ్వకుండా చేస్తుంది. గాదె నిండా ధాన్యం ఉన్నా, వాకిలికి అడ్డంగా ఒకడు కూర్చుంటే బయటికి తీయలేని పరిస్థితి వంటిది ఇది. ఇక అసలు విషయం ఏమిటంటే, ఆ అడ్డు కూర్చునే ప్రోటీన్‌ను ఎంత తయారుచేయాలో నిర్ణయించేది చాలావరకు మనం తినే తిండే. పిండిపదార్థం, పంచదార ఎక్కువగా తిని రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ పెరిగినప్పుడు కాలేయం ఈ జన్యువును ఎక్కువగా పనిచేయిస్తుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు తగ్గిస్తుంది. కాబట్టి వంకర జన్యువు ఉన్న మనిషి మూడు పూటలా కుప్ప అన్నం తింటే, కొవ్వు తయారీకి సరుకు అందించడమే కాకుండా ఆ కొవ్వు కరగకుండా అడ్డుకునే ప్రోటీన్‌ను కూడా తానే పెంచుకుంటున్నట్టు. వంశాన్నీ కంచాన్నీ కలిపే ముడి ఇదే.

మరో రెండు జన్యువుల సంగతి కూడా తెలుసుకోవడం మంచిది. టి.ఎం.6.ఎస్.ఎఫ్.2 అనే జన్యువులో మార్పు ఉన్నవారిలో కాలేయం కొవ్వును రక్తంలోకి పంపించే పని మందగిస్తుంది. కొవ్వు లోపలే ఉండిపోతుంది, రక్తపరీక్షలో మాత్రం ట్రైగ్లిజరైడ్లు, కొలెస్ట్రాల్ తక్కువగా కనిపిస్తాయి. లిపిడ్ ప్రొఫైల్ బాగుందని చెప్పి స్కానింగ్ మాటను కొట్టిపారేసేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. జి.సి.కె.ఆర్. జన్యువులోని మార్పు కాలేయంలోకి గ్లూకోజు చొరబడడాన్ని ఎక్కువచేసి, దాన్ని కొవ్వుగా మార్చే పనికి ఊతమిస్తుంది. ఎదురుదిక్కున హెచ్.ఎస్.డి.17.బి.13 అనే జన్యువులో ఒక మార్పు కాలేయానికి రక్షణగా నిలుస్తుందని 2018లో బయటపడింది. కాబట్టి వంశం నుంచి అన్నీ చెడ్డవే రావు.

కుటుంబ చరిత్ర రాసుకోవడం

జన్యు పరీక్షకు డబ్బు ఖర్చుపెట్టే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఒక తెల్లకాగితం మీద అమ్మ తరఫు, నాన్న తరఫు మూడు తరాల వారి పేర్లు రాయండి: తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, మేనమామలు, మేనత్తలు, పెదనాన్నలు, చిన్నాన్నలు, పిన్నులు, తోబుట్టువులు. ఒక్కొక్కరి పేరు పక్కన సుగర్ ఉందా, ఏ వయసులో వచ్చింది, గుండెజబ్బు ఉందా, మందు తాగేవారా, ఎలా చనిపోయారు అన్నవి రాయండి. పాతతరం వారి రిపోర్టులు దొరకవు, వాళ్లకు లివర్ జబ్బు పేరు కూడా తెలిసి ఉండదు. అందువల్ల ప్రశ్నను వాళ్ల మాటల్లోనే అడగాలి. చివరి రోజుల్లో పొట్ట ఉబ్బిందా, పొట్టలో నీరు తీశారా, కాళ్లు వాచాయా, రక్తపు వాంతి అయిందా, పచ్చకామెర్లు తగ్గకుండా ముదిరాయా అని ఇంట్లో పెద్దావిడను అడిగితే, డాక్టరు కాగితాల్లో దొరకని చరిత్ర అరగంటలో బయటికొస్తుంది. జీవితంలో చుక్క ముట్టని మనిషి అలా పోయారని తెలిస్తే ఆ పేరు చుట్టూ గీత గీయండి.

ఈ కాగితానికి ఇంత విలువ ఎందుకంటే, మద్యంతో సంబంధం లేని ఫ్యాటీ లివర్ వల్ల, కాలేయమంతా మచ్చకట్టి గట్టిపడే సిర్రోసిస్ దాకా వెళ్లినవారి తోబుట్టువులు, పిల్లలు, తల్లిదండ్రులలో కాలేయం బాగా మచ్చకట్టే ముప్పు మామూలు వారికంటే సుమారు 12 రెట్లు ఎక్కువగా ఉందని అమెరికాలోని శాన్‌డియాగోలో జరిగి 2017లో వెలువడిన పరిశోధన చూపింది. దగ్గరి రక్తబంధువుల్లో ఒక్కరికైనా అలాంటి చరిత్ర ఉంటే మీ గ్రేడ్ 1ను ఇతరుల గ్రేడ్ 1తో సమానంగా చూడకూడదు.

మన వైపు మేనరికాలు ఇంకా జరుగుతున్నాయి కాబట్టి ఒక మాట చెప్పాలి. మేనరికపు సంతానానికి ఒకే మారిన ప్రతి రెండు వైపుల నుంచీ అందే అవకాశం కొంత పెరుగుతుంది. అరుదైన జన్యువ్యాధుల విషయంలో ఈ పెరుగుదల చాలా పెద్దది; ఇంత విరివిగా ఉన్న పి.ఎన్.పి.ఎల్.ఎ.3 విషయంలో మాత్రం చిన్నదే. లివర్‌లో కొవ్వు చేరినందుకు ఎప్పుడో కుదిరిన సంబంధాన్ని ఆడిపోసుకోవలసిన పని లేదు.

రక్తపరీక్షల నుంచి ఒక లెక్క

తరువాత డాక్టరును కలిసి లివర్ ఫంక్షన్ టెస్టు, ప్లేట్‌లెట్ల లెక్క, మూడు నెలల సుగర్ సరాసరి, లిపిడ్ ప్రొఫైల్, థైరాయిడ్, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకోవాలి. టేపుతో నడుము కూడా కొలవాలి. భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్టకొవ్వు ఎక్కువైనట్టు. బరువు సూచికలో (బి.ఎం.ఐ.) కూడా మనకు 23 దాటితే చాలు, అధికబరువే. చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనిషిని చూసి ఊళ్లో ‘బక్కమనిషి’ అనవచ్చు గానీ, కాలేయం లెక్క వేరు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవారిలో 8.7 శాతం మందికి ఈ జబ్బు కనిపించగా, వారిలో అత్యధికులు లావుగా లేనివారే.

ఈ పరీక్షల అంకెలతో, కాలేయంలో మచ్చ ముప్పును అంచనా వేసే ఫిబ్-4 అనే లెక్కను ఇంట్లోనే వేసుకోవచ్చు. వయసును లివర్ ఫంక్షన్ టెస్టులోని ఎ.ఎస్.టి. అంకెతో గుణించాలి, కొన్ని ల్యాబుల్లో దీన్నే ఎస్.జి.ఓ.టి. అని రాస్తారు. తరువాత ఎస్.జి.పి.టి. అని కూడా పిలిచే ఎ.ఎల్.టి. అంకెకు వర్గమూలం తీసి, దాన్ని ప్లేట్‌లెట్ల అంకెతో గుణించి, మొదటి లబ్ధాన్ని రెండో లబ్ధంతో భాగించాలి. ప్లేట్‌లెట్లు 2 లక్షలు అని ఉంటే 200గా తీసుకోవాలి. ఉదాహరణకు వయసు 50, ఎ.ఎస్.టి. 48, ఎ.ఎల్.టి. 64, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకుంటే, 50ని 48తో గుణిస్తే 2400. 64 వర్గమూలం 8, దాన్ని 200తో గుణిస్తే 1600. 2400ను 1600తో భాగిస్తే 1.5. ఈ అంకె 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఆలస్యం చేయకుండా జీర్ణకోశ నిపుణుడిని కలవాలి. మన ఉదాహరణలోలాగా మధ్యలో ఉంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. 65 ఏళ్లు దాటినవారికి కింది హద్దును 1.3కు బదులు 2గా తీసుకుంటారు. 35 ఏళ్లలోపు వారికి ఈ లెక్క నమ్మదగినది కాదు.

ఉద్దానం వైపువారు, అంటే కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస పరిసరాలవారు, వీటితోపాటు క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరిగా చేయించుకోవాలి. కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న ప్రాంతంలో, కింద చెప్పబోయే పప్పులు, చేపలు ఎంత తినవచ్చో కిడ్నీ పరిస్థితిని బట్టి డాక్టరే నిర్ణయించాలి.

కంచంలో ఏం మార్చాలి

కాలేయంలోని కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందో రోగుల్లో కొలిచిన 2005 నాటి పరిశోధనలో, 59 శాతం ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తం ద్వారా వచ్చినదని, 26 శాతం పిండిపదార్థాల నుంచి కాలేయమే స్వయంగా తయారుచేసుకున్నదని, నేరుగా తిన్న నూనె, నెయ్యి వాటా 15 శాతం మాత్రమేనని తేలింది. నూనె తగ్గించాను కదా అని కుప్ప అన్నం తినేవారు ఈ మూడు అంకెలనూ ఒకసారి తీరిగ్గా చూడాలి.

మొదట ఒక వారం ఏదీ మార్చకుండా కొలవండి. వంటకు బియ్యం పోసేటప్పుడు తూచి, తినేవారి సంఖ్యతో, వాళ్ల వాటాలతో భాగించి, మీ వంతుకు రోజుకు ఎన్ని గ్రాముల పచ్చి బియ్యం వస్తున్నదో రాయండి. ఇడ్లీ, అట్టు, ఉప్మాల రవ్వ, పిండి కూడా కలపాలి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు, 78 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. రోజుకు 400 గ్రాములు తినే మనిషికి ఒక్క బియ్యం నుంచే 1400 కేలరీలు వస్తాయి. పొలంలో ఉడుపులు, కోతలు చేసిన కాలానికి అది సరిపోయేది. అదే మనిషి ఇప్పుడు దుకాణంలో కూర్చున్నా, రిటైరై అరుగు మీద కూర్చున్నా కంచంలోని కుప్ప మాత్రం తగ్గడం లేదు. ఇక్కడే మన జిల్లాల సమస్య మొత్తం ఉన్నదని నా అభిప్రాయం.

రెండో వారం నుంచి బియ్యం వాటాను మూడో వంతు తగ్గించండి. అంతకంటే ఎక్కువ ఒక్కసారిగా తగ్గిస్తే ఇంట్లో ఎవరూ నాలుగు రోజులు కూడా నిలబడరు. ఆ ఖాళీని కూరతో, పప్పుతో నింపాలి. వడ్డన వరుస మార్చడం చిన్న పనే అయినా బాగా పనిచేస్తుంది: ముందు గోంగూర పప్పో, బీరకాయ కూరో, గుడ్డో కొంత తిని, తరువాతే అన్నం పెట్టుకుంటే రెండో వడ్డన అడగాలనిపించదు. మామూలుగా పచ్చడి ముద్దతో మొదలుపెట్టి, సాంబారు, చారు, మజ్జిగ అంటూ నాలుగు సార్లు అన్నం కలిపే మన పద్ధతిలో కూర చాలా తక్కువగా, అన్నం చాలా ఎక్కువగా లోపలికి పోతుంది.

చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), సామలు, కొర్రలు మన మెట్టభూములకు పాత పంటలే. 100 గ్రాముల చోళ్లలో పీచు సుమారు 11 గ్రాములు ఉండగా, తెల్లబియ్యంలో 3 గ్రాముల లోపే. అయితే మెత్తగా విసిరిన పిండితో జారుగా కాచి, బెల్లం కలిపిన చోడి అంబలి రక్తంలో సుగరును వేగంగానే పెంచుతుంది. పిండిని కాస్త బరకగా విసిరించి, చిక్కగా కాచి, బెల్లం బదులు మజ్జిగ, ఉల్లిపాయ చేర్చుకుని, అన్నానికి బదులుగా తాగాలి. అన్నం తిన్న తరువాత ఆరోగ్యానికి మంచిదని పైనుంచి అంబలి తాగితే కేలరీలు పెరగడమే తప్ప మేలు లేదు. ఉలవలు మరీ మంచివి. వాటిలో మాంసకృత్తులు 20 శాతాన్ని మించి ఉంటాయి. చారు కాచి గింజలు పశువులకు వేసేయకుండా, గుగ్గిళ్లుగా తినాలి.

పంచదార విషయంలో రాజీ కుదరదు. పంచదారలో సగం ఫ్రక్టోజు. అది నేరుగా కాలేయానికి చేరి, గ్లూకోజుకు ఉన్నంత అదుపు లేకుండా కొవ్వుగా మారుతుంది. రెండు చెంచాల చొప్పున రోజుకు ఐదు టీలు తాగేవారికి టీల్లోనే 40 గ్రాములు దాటుతుంది. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ఇంకో 30 గ్రాములు. ఎనిమిది వారాలపాటు పంచదార బాగా తగ్గించిన ఆహారం ఇచ్చినప్పుడు, ఈ జబ్బున్న కౌమార బాలుర కాలేయ కొవ్వు సగటున 25 శాతం నుంచి 17 శాతానికి దిగిందని 2019లో వెలువడిన పరిశోధన చెబుతోంది. బెల్లం మంచిది కదా అనే వాదన ఇక్కడ నిలబడదు, బెల్లంలో అధికభాగం అదే సుక్రోజు. సంక్రాంతి అరిసెలు, సిరిమానోత్సవానికి చుట్టాలొస్తే చేసే పిండివంటలు ఆ రోజుల వరకు తినండి; డబ్బాల్లో నింపి నెలంతా తినకండి. పండ్లు రసం తీయకుండా తినాలి. పనస తొనలు, మామిడిపండ్లు కాలంలో ఒక పూట అన్నం తగ్గించి తింటే తప్పులేదు.

నూనెల్లో పరిమాణంతోపాటు రకం కూడా ముఖ్యం. ఫిన్లాండులో కొందరికి మూడు వారాలపాటు రోజుకు 1000 కేలరీలు అదనంగా ఇచ్చి చూస్తే, సంతృప్త కొవ్వులు తిన్నవారి కాలేయ కొవ్వు 55 శాతం, పంచదార వంటివి తిన్నవారికి 33 శాతం, అసంతృప్త కొవ్వులు తిన్నవారికి 15 శాతం పెరిగింది. పామాయిల్, డాల్డా, నెయ్యి, కొబ్బరి మొదటి కోవలోవి. ఉద్దానం ఇళ్లలో కొబ్బరి లేకుండా కూర ఉండదు. పూర్తిగా మానమనడం అన్యాయం గానీ, ఒక కాయను రెండు రోజులకు సర్దుకోవచ్చు. వాడిన నూనెలోనే మళ్లీ వేయించిన బజ్జీలు, పకోడీలు మానడమే మేలు. పలాస జీడిపప్పు గుప్పెడు తినవచ్చు, ఉప్పు కారం వేసి వేయించిన పొట్లం మొత్తం కాదు. తీరం దగ్గర ఉన్నందుకు కవళ్లు, కానాగంతల వంటి కొవ్వు చేపలు చవకగా దొరుకుతాయి. వారానికి రెండుసార్లు పులుసుగా తినండి.

మద్యం గురించి చర్చ అక్కర్లేదు. పి.ఎన్.పి.ఎల్.ఎ.3 మార్పు ఉన్నవారిలో మద్యం వల్ల సిర్రోసిస్ వచ్చే ముప్పు కూడా ఎక్కువే. తాటికల్లు, ఈతకల్లు ప్రకృతి ఇచ్చినవే అయినా వాటిలో ఉండేది ఆల్కహాలే.

బరువు, నడక, మందులు

లావుగా ఉన్నవారు బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కొవ్వుతోపాటు వాపు, కొంతవరకు మచ్చ కూడా తగ్గుతాయి. లావు లేనివారికి 3 నుంచి 5 శాతం తగ్గినా ఫలితం కనిపిస్తుందని హాంకాంగ్ పరిశోధనల్లో తేలింది. 62 కిలోల మనిషికి అది రెండు మూడు కిలోలే. నెలకు రెండు కిలోలకు మించిన వేగం వద్దు. అదే హాంకాంగ్‌లో 2015లో ప్రచురించిన మరో అధ్యయనంలో, మారిన పి.ఎన్.పి.ఎల్.ఎ.3 ప్రతులు రెండూ ఉన్నవారికే తిండి, వ్యాయామం మార్చుకున్నప్పుడు కాలేయ కొవ్వు ఎక్కువగా తగ్గింది. వంశంలోనే ఉంది, ఇక చేసేదేముందని చేతులెత్తేసేవారికి ఇంతకంటే గట్టి సమాధానం నాకు తెలియదు. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవాలి. వారంలో రెండు రోజులు బరువులెత్తే పని కూడా ఉంటే మంచిది.

పసరు మందులు, లివర్ టానిక్కులు, రోజూ తాగే తిప్పతీగ కషాయాలు వద్దు. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. విటమిన్ ఇ మాత్రలు కూడా సొంతంగా మింగకూడదు. సుగర్ ఉన్నవారు అన్నం తగ్గించే ముందు మందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి, లేకపోతే సుగర్ పడిపోవచ్చు.

జన్యు పరీక్ష చాలామందికి అవసరం లేదు, ఎందుకంటే ఫలితం ఏదైనా చేయవలసిన పనులు ఇవే. సన్నగా ఉండి, మందు ముట్టకుండా, చిన్న వయసులోనే మచ్చ కట్టినవారి విషయంలో నిపుణుడు అడిగితే చేయించుకోవచ్చు.

ఆరు నెలల తరువాత అదే ల్యాబులో పరీక్షలు చేయించుకుని ఫిబ్-4 మళ్లీ లెక్కవేయండి. కుటుంబ కాగితంలో గీత గీసిన పేరు ఉన్నా, మీకే మచ్చ ఉందని తేలినా, ఆ కాగితం నకలు తోబుట్టువులకు ఇచ్చి, వాళ్లను కూడా స్కానింగ్, రక్తపరీక్షలు చేయించుకోమని చెప్పండి. పదేళ్లు దాటి, మెడ వెనుక చర్మం నల్లబడి, పొట్ట వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు కూడా ఎ.ఎల్.టి., సుగర్ పరీక్షలు చేయించండి.